ఫర్నేసు ప్రోగ్రాం ఎవరు రాశారు

సెప్టెంబరు పదిహేడు, విశ్వకర్మ పూజ. స్థలం: ఆదిత్యపూర్‌లో మా కారఖానా, కంప్యూటర్ గది. సమయం: ఉదయం పదకొండు. హాజరైనవారు: యజమాని, పక్క కారఖానాల యజమానులు ముగ్గురు, మేనేజరు, ఫర్నేసు మిస్త్రీ రామ్‌బిలాస్, పూజారి, నేను. రానివాడు: పైడిరాజు.

నా పాత డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. ఎక్కడికి వెళ్ళొచ్చినా ముందు తేదీ, తరవాత అక్కడ ఎవరెవరు ఉన్నారో రాసుకోవడం ఉద్యోగంలో చేరిన కొత్తలో పట్టుకున్న అలవాటు, రిటైరయ్యాక కూడా పోలేదు. పెళ్ళికి వెళ్ళొచ్చినా ఇలాగే రాస్తానని మా ఆవిడ సుభద్ర నవ్వుతుంది. ఈ పేజీని మాత్రం చాలా ఏళ్ళుగా తెరవలేదు. కిందటి నెల వచ్చిన ఒక ఉత్తరం తెరిపించింది. పై జాబితాలో ఉన్న మేనేజరుకి ఇప్పుడొక పెద్ద ఊళ్ళో సన్మానం చేస్తున్నారట. చిన్న కారఖానాలకు కంప్యూటర్ నేర్పిన తొలితరం మనిషి అని ఒక సంచిక కూడా వేస్తున్నారట. అందులో ‘తొలినాటి సహచరుడిగా’ నాలుగు మంచి మాటలు రాయమని నన్ను అడిగారు. ఫర్నేసు ప్రోగ్రాం అతని సృష్టి అని ఆ ఉత్తరంలోనే అచ్చువేసి ఉంది. నాలుగు మాటల్లో సరిపెట్టలేను కనుక ఈ అధ్యాయం రాస్తున్నాను. అతని పేరు మాత్రం ఇందులో ఉండదు. పైడిరాజు పేరు కనిపించిన ప్రతిచోటా అతను తుడిచాడు. నా పుస్తకంలో నేను అతని పేరు రాయను. క్షమించేశానని రాస్తే ఈ పుస్తకం మొత్తంలో అదొక్కటే అబద్ధమవుతుంది.

మేం అప్పట్లో హిందీవాళ్ళ నడుమ, ఉక్కు ప్లాంటున్న ఊళ్ళో, కాసిడీహ్ పేటలో ఉండేవాళ్ళం. నాన్నగారు కూడా మాతోనే ఉండేవారు. ఆయన పెద్ద ప్లాంటులో డ్రాయింగ్ ఆఫీసులో ముప్పై ఏళ్ళు పనిచేసి దిగిపోయారు. డ్రాయింగ్ ఆఫీసులో పనిచేసినవాళ్ళున్న ఇళ్ళల్లో ఒక వాసన ఉంటుంది, నల్లసిరా, ట్రేసింగ్ గుడ్డకి పట్టించిన గంజి, చెక్క స్కేళ్ళు కలిసిన వాసన. రిటైరైన పదేళ్ళకి కూడా ఆయన బీరువా తెరిస్తే అదే వాసన వచ్చేది. తెల్లవారకముందే లేచి, బావి నీళ్ళంత చల్లగా ఉన్న కుళాయి నీళ్ళతో స్నానం చేసి, సుభద్ర కాఫీ డికాక్షన్ దించేలోపు పెన్సిళ్ళన్నీ చెక్కి వరసగా పెట్టుకునేవారు. వాటితో గీయవలసింది ఏమీ లేదు. అయినా చెక్కేవారు. ప్రతి డ్రాయింగుకీ కింద కుడివైపు మూల ఒక పట్టీ ఉంటుంది. గీసినవాడెవరు, సరిచూసినవాడెవరు, తరవాత మార్చినవాళ్ళెవరు, ఏం మార్చారు అన్నీ ఆ పట్టీలో పొట్టి సంతకాలతో ఉండాలి. లేకపోతే ఆ కాగితం షాపులోకి పోదు. నాన్నగారికి ఆ పట్టీ ఒక మతం. మా ఇంట్లో ఆవకాయ జాడీకి కట్టిన గుడ్డ మీద కూడా ఆయన చేత్తో రాసిన పట్టీ ఉండేది. కలిపినది: సుభద్ర. సరిచూసినది: తాను. మార్పు ఎ: ఉప్పు పెంచడమైనది. సుభద్ర మొదట్లో కోపం తెచ్చుకుంది. తరవాత్తరవాత, పట్టీ లేని జాడీని తనే లోపల పెట్టనిచ్చేది కాదు.

నేను ఖర్‌కాయీ నది దాటి ఆదిత్యపూర్‌లో ఒక మధ్యతరహా కారఖానాలో ప్రోగ్రామరుగా చేరాను. బండి ఇరుసులు, స్ప్రింగులు ఫర్నేసులో కాల్చి నూనెలో ముంచి గట్టిపరచడం అక్కడి పని. ఉన్నది ఒకటే కంప్యూటర్, దానికొక గది, ఆ గదిలోనే ఆ కారఖానా మొత్తానికి ఉన్న ఏకైక ఏసీ. అందుకే మధ్యాహ్నం భోజనాల వేళ ఎవరో ఒకరు జాబ్ కార్డుల వంకతో లోపలికి వచ్చి నిలబడేవారు. పైడిరాజు అలా వచ్చినవాడే. అతని తండ్రి పెద్ద ప్లాంటులో క్రేను ఖలాసీ. వాళ్ళది శ్రీకాకుళం వైపు ఊరు. జుగ్సలాయిలో గోదాముల వెనక ఒక సందులో కాపురం. ఫర్నేసు దగ్గర మధ్యాహ్నం మొదలయ్యే బి షిఫ్టు చేసేవాడు. మనిషి కంటే ముందు కాలిన నూనె వాసన గదిలోకి వచ్చేది. మిగతావాళ్ళు చల్లగాలి కోసం వస్తే అతను మాత్రం తెర వైపే చూస్తూ నిలబడేవాడు. ఒకరోజు అడిగాడు.

“మేష్టారూ, ఈ పెట్టికి ఏటి సెప్పినా ఇంటాదేటండి?”

“చెప్పడం వస్తే వింటుంది.”

“మన ఫర్నేసు అలగ కాదండి. అది సెప్తాది, నానే ఇంటాను.”

ఆ మాటకి నేను కుర్చీ జరిపి అతన్ని పక్కన కూర్చోబెట్టాను. ఫర్నేసులోకి ఏ సరుకు తరవాత ఏ సరుకు పంపాలన్నది మా కారఖానాలో పెద్ద తలనొప్పి. వరస తప్పితే ఫర్నేసుని చల్లార్చి మళ్ళీ వేడెక్కించాలి, పూట పోతుంది. ఆ వరస ఏ ఇంజనీరు పుస్తకంలోనూ లేదు. ఇనుము ఎరుపు చూసి పైడిరాజు చెప్పేవాడు. అతను పదో తరగతి దాకా హిందీ బడిలో చదివాడు. ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, వాక్యాలు రావు. ప్రోగ్రాం రాయడానికి వాక్యాలు అక్కర్లేదు కదా. రోజూ భోజనాల వేళ, టిఫిను డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఏడు నెలలు నేర్చుకున్నాడు. వరస కట్టే భాగం పూర్తిగా అతనే రాశాడు. నేను రాసింది తెరలూ, ముద్రణా, అంతే. ఈ మాట నేను ఇప్పుడు వినయం కొద్దీ అనడం లేదు. అప్పటి డైరీలో ఏ రోజు ఎవరు ఏ భాగం రాశారో ఉంది.

అచ్చుతీసిన ప్రోగ్రాం కాగితాలు ఒకసారి ఇంటికి తీసుకెళ్ళాను. నాన్నగారికి అందులో ఒక్క లైను కూడా అర్థం కాదు. అయినా మొదటి పేజీ తిరగేసి చూసి, “పట్టీ ఏదిరా?” అన్నారు. “గీసినవాడి పేరు లేని కాగితం ఎలా నమ్ముతార్రా నువ్వూ నీ వాళ్ళూ?” మర్నాడు పైడిరాజూ నేనూ కూర్చుని ప్రతి ఫైలుకీ నెత్తిన ఒక పట్టీ పెట్టాం. రాసినది: పైడిరాజు. సరిచూసినది: నేను. మార్పులు: ఖాళీ గళ్ళు. అతను తన పేరు తనే కొట్టి, ఆ పూట మరేమీ రాయకుండా దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

తరవాత పక్క కారఖానాలవాళ్ళు విన్నారు. మాకూ కావాలన్నారు. యజమానిని అడిగితే, “దే దో, క్యా జాతా హై” అని చెయ్యి ఊపాడు. ఇచ్చెయ్యండి, మన సరుకేమీ పోవడం లేదు కదా అని ఆయన లెక్క. పైడిరాజు ఆదివారాలు ఫ్లాపీలని దుమ్ము పడకుండా స్టీలు టిఫిను డబ్బాలో పెట్టుకుని, సైకిల్ మీద ఆదిత్యపూర్ అంతా తిరిగి, దగ్గరుండి ఎక్కించి వచ్చేవాడు. షరతు ఒక్కటే. మీరేదైనా మారిస్తే పట్టీలో మీ పేరు రాసి మాకూ ఒక నకలు ఇవ్వాలి. ఒక కారఖానాలో గుమాస్తా, కరెంటు పోయి వచ్చాక ఆగిన చోటినుంచే పని మొదలయ్యేలా నాలుగు లైన్లు చేర్చి, తన పేరు రాసి పంపాడు. మా ఊరి కరెంటుకి అంతకంటే పనికొచ్చే లైన్లు ఎవరూ రాయలేదు. ఆ తరవాత ఎప్పుడో కంప్యూటర్ పత్రికతో పాటు ఒక సీడీ వచ్చింది, అందులో లినక్స్ అనే ఉచిత ప్రోగ్రాముల కట్ట ఉంది. దాని వెనక ఉన్న షరతులన్నీ ఓపిగ్గా చదివాను. చూడొచ్చు, వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినవాడు పేరు చెప్పాలి, మూలం దాచకూడదు. చదివి నాన్నగారికి చెబితే, “ఇందులో కొత్తేముందిరా, డ్రాయింగ్ ఆఫీసు రూలేగా” అన్నారు. ఓపెన్ సోర్స్ అనే మాట మీద గత ఇరవై ఏళ్ళలో ఎన్నో ఉపన్యాసాలు విన్నాను. నాన్నగారి మాటకి మించి నాకేమీ తెలియలేదు. నలుగురి ముందూ పరిచి ఉన్న డ్రాయింగు అది. ఎవరైనా చదవొచ్చు. గీత మార్చినవాడు సంతకం పెట్టాలి.

ఇంకోటి కూడా చెప్పాలి. అంతా ఉచితంగా పంచుకోవాలి అని వేదికలెక్కి చెప్పే పెద్దమనుషులకి జీతం వేరేచోట నుంచి వస్తుంది. పైడిరాజుకి వచ్చేది ఫర్నేసు దగ్గర్నుంచే. అతని ఆదివారాలు అతను ఊరికే ఇచ్చాడు. అలా ఇచ్చినవాడి మీదికి ఎవడైనా వస్తే ఎవరు నిలబడాలి అన్న షరతు ఏ లైసెన్సులోనూ లేదు. మా పట్టీలోనూ లేదు.

అప్పుడు మేనేజరు వచ్చాడు. పెద్ద నగరంలో చదివినవాడు. తెలుగువాడని తెలిసి సంతోషించాను కూడా. మొదటి వారం నా బల్ల దగ్గరికి వచ్చి నా ఫైళ్ళు చూసి, “మూర్తిగారూ, ఇంత పద్ధతిగల మనిషిని ఈ ఊళ్ళో మొదటిసారి చూస్తున్నాను” అన్నాడు. పొగడ్త నాకు అలవాటు లేదు, తలకెక్కింది. నాణ్యతా సర్టిఫికెట్టు కోసం కావాలి, ఈ ప్రోగ్రాం ఎవరెవరికి వెళ్ళిందో జాబితా ఉందా అని అడిగాడు. ఉండకపోవడమేమిటి. గీతలు కొట్టి గళ్ళు వేసిన రిజిస్టరు ఉంది. తేదీ, కారఖానా, తీసుకున్నవారు, ఇచ్చినవారు. ఇచ్చినవారి గడిలో పై నుంచి కింది దాకా ఒకటే పేరు, నా గుండ్రటి చేతిరాతలో. మరుసటి రోజే శుభ్రంగా నకలు రాసి ఇచ్చాను. దస్తూరీ బాగుందని మళ్ళీ మెచ్చుకున్నాడు.

రెండు వారాల తరవాత పైడిరాజుని ఆఫీసులోకి పిలిచారు. కారఖానా రహస్యాలు బయటికి చేరవేశాడన్నది నేరం. నన్ను కూడా నిలబెట్టారు.

“ఇది మీ చేతిరాతేనా?” అని మేనేజరు నన్నడిగాడు.

“అవునండి.”

“ఇచ్చినవారి కింద ఎవరి పేరుంది?”

“పైడిరాజు.”

“చాలు, థాంక్యూ.”

ఇవ్వమన్నది నేనే, యజమాని ఒప్పుకున్నాకే ఇచ్చాం అని చెప్పాలి. పైడిరాజు టోపీ చేతిలో పట్టుకుని, నేను ఆ మాట అంటానని నా వైపు చూస్తున్నాడు. యజమాని ఆ వారం కలకత్తాలో ఉన్నాడు. నేను అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పే మనిషిని. ఆ రోజు కూడా అడిగినదానికి మాత్రమే చెప్పాను. ఎందుకన్నది డైరీలో రాసుకున్నాను, ఇక్కడ రాయను. అచ్చులోకి ఎక్కితే అవన్నీ సాకులవుతాయి. సాయంత్రం లోపు గేటు పాసు తీసేసుకున్నారు. రామ్‌బిలాస్ మిస్త్రీ గేటు దాకా అతనితో నడిచి వెళ్ళి, తిరిగొచ్చి, నా గది తలుపు దగ్గర ఆగి, “బహుత్ అచ్ఛా రిజిస్టర్ లిఖ్తే హైఁ ఆప్, మూర్తి బాబూ” అనేసి వెళ్ళిపోయాడు. రిజిస్టరు చాలా బాగా రాస్తారట నేను. ఆ మాట నాలో ఇప్పటికీ ఉంది.

ఆ తరవాత మేనేజరు చేసిన పని నా కళ్ళముందే చేశాడు. ప్రతి ఫైలూ తెరిచి, నెత్తిమీద పట్టీని చెరిపి, అక్కడ తన పేరు పెట్టాడు. నా పేరూ పోయింది. దానికి నాకు బాధ లేదు. తెరలకు రంగులు వేశాడు. కంప్యూటర్ వెనక తగిలిస్తేనే ప్రోగ్రాం నడిచేలా ఒక తాళం లాంటి బిళ్ళ తెప్పించాడు. ఆ పైన, నా జాబితాలో ఉన్న కారఖానాలకే ఉత్తరాలు రాశాడు. మీ దగ్గరున్నది దొంగ నకలు, వాడటం ఆపండి, కొత్తది కొనుక్కోండి అని. మేం ఊరికే ఇచ్చినదాన్ని ఇచ్చినచోటికే మళ్ళీ అమ్మడం! ఇప్పుడు ఈ పరిశ్రమలో ఇదే రాజమార్గం. ఎవరో ఆదివారాలు కూర్చుని రాసినది తీసుకుంటారు, పైన రంగు వేస్తారు, నెలనెలా అద్దె అడుగుతారు, రాసినవాడి పేరు ఎవరూ తెరవని ఒక పేజీ అడుగున చీమతలకాయంత అక్షరాల్లో పడేస్తారు. దానికి మంచి మంచి పేర్లున్నాయి. నేను దాన్ని మొదటిసారి చూసినప్పుడు పేరు లేదు. కుర్చీలో కాలు మీద కాలేసుకుని చెరుపుతున్న ఒక మనిషి ఉన్నాడు.

నేను ఇంటికి వెళ్ళి, దాచుకున్న పాత అచ్చుప్రతి తీసి, మొదటి లైను నుంచి చివరి లైను దాకా చదివాను. పైడిరాజు పేరు పట్టీల్లో కాకుండా ఇంకెక్కడైనా మిగిలిందా అని వెతికాను. నాలుగు సాయంత్రాలు పట్టింది. నాలుగోనాడు దొరికింది. మా ఊళ్ళో విశ్వకర్మ పూజ దాదాపు ప్రతి ఏడూ సెప్టెంబరు పదిహేడునే వస్తుంది. ఆ రోజు ఊరంతా యంత్రాలకు సెలవు. లేతు యంత్రం నుంచి సైకిల్ పంపు దాకా కడిగి, బొట్టుపెట్టి, బంతిపూలు వేసి, ముట్టకుండా వదిలేస్తారు. ప్రోగ్రాం రాస్తున్న రోజుల్లో పైడిరాజు ఒక లైను చేర్చాడు. కంప్యూటర్‌లో తేదీ సెప్టెంబరు పదిహేడైతే, పని చెయ్యనని చెప్పి ఊరుకోవాలి. సరిచూసేవాణ్ణి కనుక నేను అడిగాను.

“ఆ రోజు ఎవరు ఆన్ చేస్తారయ్యా? ఎవరూ చూడని లైను ఎందుకు?”

“ఎవులో సూత్తారని కాదండి. ఆ రోజు మా నాయిన కిరేను మెట్టెక్కడు. ఈ పెట్టి మాత్తరం ఏటి పాపం సేసిందండి? దానికీ ఛుట్టీ గావాల గదా.”

నవ్వి, సరిచూశాను అని సంతకం పెట్టాను. నిజంగానే ఏ ఏడూ ఆ రోజు ఎవరూ ఆ గది స్విచ్చి వేయలేదు. ఆ లైను ఒక్కసారి కూడా తెరమీదికి రాలేదు. మేనేజరు ప్రతి ఫైలు నెత్తినా చెరిపాడే కానీ కింద ఏముందో చదవలేదు. చదవకుండా సొంతం చేసుకున్నాడు. ఇతరులు రాసిన ప్రోగ్రాంని దొంగిలించేవాళ్ళలో నేను చూసిన లోపం ఇదొక్కటే. చాలు.

వారం ఆగి అతని గదికి వెళ్ళాను. “సార్, కొత్త ప్రోగ్రాంని కారఖానాల వాళ్ళందరికీ చూపిస్తామన్నారు కదా. విశ్వకర్మ పూజ రోజు బాగుంటుంది. యజమాని ఎలాగూ వస్తారు, పక్కవాళ్ళనీ పిలుస్తారు. కొబ్బరికాయ కొట్టి ఆయన చేతే మొదలుపెట్టిద్దాం” అన్నాను.

“ఎక్సలెంట్. మీకు ఇంత సెన్స్ ఉందని నాకు తెలీదు మూర్తిగారూ.”

“నాకూ ఈమధ్యే తెలిసిందండి” అన్నాను.

ముందురోజు అతను మూడుసార్లు నడిపి చూసుకున్నాడు. మూడుసార్లూ చక్కగా నడిచింది. పదహారో తేదీ మరి.

పూజనాడు కారఖానా అంతా నిశ్శబ్దంగా ఉంది. ఏడాదికొక్కసారి వచ్చే ఆ నిశ్శబ్దంలో ఫర్నేసు చల్లారిన ఇటుకల వాసన, సాంబ్రాణి, నేతి బూందీ వాసన కలిసి వస్తాయి. కంప్యూటర్‌కి బంతిపూల దండ వేశారు. పూజారి తెర నుదుటి మీద కుంకుమ పెట్టాడు. మేనేజరు కొత్త టై కట్టుకున్నాడు. స్విచ్చి మీద చెయ్యి వేయబోతే రామ్‌బిలాస్ తట్టుకోలేకపోయాడు.

“సాబ్, ఆజ్ మషీన్ నహీఁ చలాతే.” ఈ రోజు యంత్రం నడపకూడదని.

“యే మషీన్ నహీఁ హై, కంప్యూటర్ హై” అన్నాడు మేనేజరు. ఇది యంత్రం కాదట, కంప్యూటరట. యజమాని కాస్త వెనకాడాడు. అయినా అందరూ చూస్తున్నారు కదా, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టి బటన్ నొక్కాడు. తెర నల్లబడి, తెల్లటి అక్షరాలు వచ్చాయి. ఇంగ్లీషు అక్షరాల్లో హిందీ.

ఆజ్ విశ్వకర్మ పూజా హై. ఆజ్ మషీన్ కో హాథ్ మత్ లగాఓ. కల్ సుబహ్ ఛే బజే ఆనా. పైడిరాజు, ఫర్నేసు, బి షిఫ్టు.

ఈ రోజు పూజ, యంత్రాన్ని ముట్టుకోవద్దు, రేపు పొద్దున ఆరింటికి రండి అని. అందరూ బయటికే చదివారు, ఒకరి తరవాత ఒకరు. మేనేజరు ఏదో మీట నొక్కాడు, మళ్ళీ అదే. ఆపి మళ్ళీ వేశాడు, అదే. వెనక బిళ్ళ పీకి మళ్ళీ పెట్టాడు, దండలోంచి పువ్వులు రాలి మీటల మీద పడ్డాయి. మళ్ళీ అదే. కంప్యూటర్‌లో తేదీ ఒక్కరోజు వెనక్కి జరిపితే క్షణంలో నడిచేది. ఆ సంగతి ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. అతను నా వైపు తిరిగి, “మూర్తిగారూ, ఏదైనా చెయ్యండి” అన్నాడు. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. చెమట అతని చెవి వెనకనుంచి కాలరులోకి దిగడం చూస్తూ నిలబడ్డాను. అంత తీరిగ్గా నేను జీవితంలో దేన్నీ చూడలేదు. ఆ సుఖం అబద్ధమని చెప్పను.

“యే పైడిరాజు కౌన్ హై?” అన్నాడు యజమాని, ఎవరితను అని.

“హమారా పైడీ, మాలిక్. జిస్‌కో నికాల్ దియా” అన్నాడు రామ్‌బిలాస్. మన పైడే, ఆ ఉద్యోగం తీసేసినవాడు అని.

పక్క కారఖానా యజమాని ఒకాయన నవ్వడం మొదలుపెట్టాడు. “అరే, యే తో వహీ సైకిల్‌వాలా! హమారే యహాఁ ముఫ్త్ మేఁ లగా కే గయా థా.” మాకు ఊరికే పెట్టి వెళ్ళినవాడు. మిగతా ఇద్దరూ నవ్వారు. అమ్మడానికి పిలిచిన సభ అలా అయిపోయింది. అప్పుడు నేను మాట్లాడాను. ప్రోగ్రాం రాసింది పైడిరాజు, సరిచూసింది నేను, పంచమన్నది నేను, ఒప్పుకున్నది మీరు అని వరసగా, హిందీలో, ఒక్క తప్పు లేకుండా చెప్పాను. యజమాని తెరకి రెండు చేతులూ జోడించాడు. మేనేజరు వైపు తిరిగి, పూజ రోజు నా చేత మిషను ముట్టించావా అని కేకలేశాడు. దొంగతనం కంటే ఆ తప్పే ఆయనకి పెద్దదిగా కనిపించింది. వెళ్తూ వెళ్తూ, ఆ కుర్రాణ్ణి రేపట్నుంచి రమ్మను అన్నాడు నాతో.

మేనేజరు ఉద్యోగం పోలేదు. పోతుందని నేను కూడా అనుకోలేదు. ఇలాంటి మనుషుల ఉద్యోగాలు పోవు, పెద్దవవుతాయి. ఒక ఏడాదిలో అతను మరింత పెద్ద కంపెనీకి వెళ్ళాడు, అక్కణ్ణుంచి ఇంకోదానికి. ఇప్పుడు సన్మానం. ఆ రోజుల్లో మేం తెలియక చేసిన పని ఈ రోజు ప్రపంచమంతా తెలిసి చేస్తోంది. ఎక్కడో ఒకడు రాస్తాడు, వెయ్యిమంది వాడతారు. పేరు సంగతిలో ఇప్పుడే మేలు, ఒప్పుకుంటాను. ఈనాడు పైడిరాజు రాసి ఉంటే ప్రతి మార్పూ అతని పేరుతో అందరికీ కనిపించేచోట ఉండేది, చెరపడం కష్టమయ్యేది. కానీ పేరు కనిపించినంత మాత్రాన పిలిచి పని ఇచ్చేవాడు అప్పుడూ తక్కువే, ఇప్పుడూ తక్కువే. సంచిక వేస్తున్నవాళ్ళకి ఈ అధ్యాయం నకలు పంపుతున్నాను. అచ్చువేసుకోండి, ఒక్క అక్షరం మార్చినా పక్కన మీ పేరు రాయండి అని కూడా రాశాను.

పూజ మరుసటి ఉదయం మొదటి షిఫ్టు సైరన్ కూయకముందే జుగ్సలాయి వెళ్ళాను. చేతిలో అరకిలో బూందీ. గోదాముల ముందు లారీలు అప్పుడే తిరుగుతున్నాయి, ఆ సందులో స్కూటరు పట్టక నడిచాను. పైడిరాజు గుమ్మంలో కూర్చుని సైకిల్ చైనుకి నూనె వేస్తున్నాడు. వాళ్ళమ్మ నూకాలమ్మ లోపల గంజి వారుస్తోంది. జరిగింది మొత్తం చెప్పాను. తెరమీద అతని పేరు, అందరూ చదవడం, నవ్వులు, మేనేజరు చెమట. చెప్పిన కొద్దీ నాకే ఉత్సాహం పెరిగింది. అతను చైను తిప్పడం ఆపాడు.

“ఆన్ సేసీసేరా? పూజరోజున?”

“అవును. లేకపోతే నీ పేరు ఎలా వస్తుంది?”

“ఆ రోజు పెట్టమని ఎవులు సెప్పేరండి?”

“నేనే.”

గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు, ఒక్కొక్క వేలూ. ఈ రోజు నుంచి రమ్మన్నారు, యజమానే చెప్పారు అన్నాను.

“ఆడుంటాడా?”

“ఉంటాడు.”

“మరి నానొచ్చి ఏటి సేత్తానండి? మళ్ళీ అడిగితే మీరు మళ్ళీ అవునండి అంతారు.” కోపంగా అనలేదు. ఫర్నేసు ఇవాళ ఎలా ఉంది అంటే ఎలా చెప్పేవాడో అలాగే అన్నాడు. “ఆ రోజే ఒక్క మాట సెప్పీసుంటే సరిపోను గదా మేష్టారూ. ఇంత తిరుగుడేటికి?”

కొత్తచోట డ్యూటీకి టైమైపోతోందని లేచాడు. డబ్బా హ్యాండిల్‌కి తగిలించుకుని, నేను జరిగితే దారిచ్చినందుకు తలూపి, సైకిలెక్కి లారీల మధ్యలోంచి వెళ్ళిపోయాడు. నేను బూందీ పొట్లంతో గుమ్మంలోనే ఉన్నాను. నూకాలమ్మ బయటికి వచ్చి పొట్లం అందుకుంది. లోపలికి పిలిచి పీట వేసింది.

“ఆడి మాటలేటి పట్టించుకోకండి బాబుగోరూ. నిన్న అంత ఉక్కలో ఇంట్లో ఫేను గూడ ఎయ్యనియ్యలేదు. పూజ గదా, దానికీ ఛుట్టీ అన్నాడు. ఇసనకర్రతోటి ఇసురుకుంటా కూకున్నాం తల్లీకొడుకులం.” నా మొహం చూసి, చెమట పట్టిందనుకుంది కాబోలు, “ఇయాల ఏసుకోవచ్చులెండి” అని లేచి వెళ్ళి నాకోసం ఫ్యాను వేసింది.